అటక మీది స్టీరియో: అమ్మాలా? ఉంచాలా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కని తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో డి.ఆర్. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి మాట్లాడుకుంటాం. ఆ విషయాలు చెప్పడానికి నాకంటే సమర్థులు వేదిక మీద ఉన్నారు. కార్యదర్శి గారు మాత్రం నన్ను పిలిచి, "మీ పాటల పెట్టెల సంగతి చెప్పండి, మాస్టారూ! మా ఇంట్లోనూ ఒకటి ఉంది, ఏం చేయాలో తెలియటం లేదు" అన్నారు. ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఎల్పీ రికార్డు ఒక వైపు మోగే సమయం కూడా ఇంచుమించు అంతే.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. సర్వీసులో ఎక్కువ కాలం స్టోర్స్ సీటు చూశాను. ఆఫీసులో ఒక విరిగిన కుర్చీని వదిలించుకోవాలన్నా ఎంత తతంగమో మీకు నేను చెప్పనక్కరలేదు. స్టాక్ రిజిస్టరులో ఎంట్రీ చూడాలి. కొన్న సంవత్సరం, కొన్న ధర రాయాలి. మరమ్మతుకు లొంగుతుందో లేదో తెలిసినవాడి చేత సర్టిఫికెట్ రాయించాలి. నోట్ ఫైలు పెట్టాలి. పై అధికారి ఉత్తర్వు వచ్చాకే దాన్ని కండెమ్ చేసి వేలానికి పెట్టాలి. అదే మన ఇంట్లో, నలభై ఏళ్లు మనతో కాపురం చేసిన స్టీరియోను, ఆదివారం పొద్దున్నే వీధిలో పాత సామాన్లవాడి కేక వినపడగానే ఏ రిజిస్టరూ తిరగేయకుండా కాటాలో పెట్టేస్తున్నాం. ఈ పద్ధతి మంచిది కాదని మనవి చేయడానికే నేను లేచి నిలబడ్డాను.

పాత సెట్లు అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. మన ఇళ్లలోకి ముందు వచ్చింది వాల్వు రేడియో. మర్ఫీ, ఫిలిప్స్, బుష్ వంటి పేర్లు మీ అందరికీ గుర్తే. స్విచ్చి వేశాక వాల్వులు వేడెక్కి గొంతు విప్పడానికి కొంతసేపు పట్టేది. దానికి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్లం. పాట వినడానికి సర్కారుకు రుసుము కట్టిన తరం మనది. ఆ లైసెన్సులు 1980లలో పోయాయి. ఆ తరువాత రికార్డు ప్లేయర్లు. హెచ్.ఎం.వి. ఫియస్టా వంటి పెట్టె ప్లేయర్లు పెళ్లిళ్లకు కూడా తరలి వెళ్లేవి. ఆ తరువాత యాంప్లిఫయరు, రెండు స్పీకర్లు, టర్న్‌టేబులు, కాసెట్ డెక్కు వేరువేరుగా ఉండే స్టీరియో సెట్లు. బొంబాయి నుంచి కాస్మిక్, కలకత్తా నుంచి సోనోడైన్ వచ్చేవి. వీటితో పాటు గల్ఫ్ వెళ్లినవాళ్లు తెచ్చిన టూ ఇన్ వన్‌లు. మా కోనసీమలో 1980లలో దుబాయి, కువైట్ నుంచి మనిషి వచ్చాడంటే ఆ ఇంటి అరుగు మీద ఆ సాయంత్రమే నేషనల్ పానసోనిక్ మోగేది. కొత్త సెట్టు వచ్చిన సంగతి ఇక ఎవరూ చెప్పనక్కరలేకపోయేది.

మధ్య తరగతి ఉద్యోగి స్టీరియో కొనడమంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. నా సెట్టు 1981లో చీటీ పాడి కొన్నాను. నా మూడు నెలల జీతం అందులో పోయింది. మా ఆవిడ నెల రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. ఆ తరువాత ఆమెకు నచ్చిన రికార్డులు నేను కొన్నవాటికంటే ఎక్కువయ్యాయి.

ఇక స్టీరియో అంటే ఏమిటి? చాలామంది "పెద్ద శబ్దం వచ్చేది" అనుకుంటారు. భగవంతుడు మనకు రెండు చెవులు ఇచ్చాడు. కుడి పక్కనుంచి వచ్చే శబ్దం కుడి చెవికి వెంట్రుకవాసి ముందు, కాస్త గట్టిగా చేరుతుంది. దాన్ని బట్టే కళ్లు మూసుకున్నా ఎవరు ఎక్కడినుంచి పిలుస్తున్నారో తెలుస్తుంది. ఈ కిటుకును యంత్రంలోకి దించినవాడు ఇంగ్లండులోని ఇ.ఎం.ఐ. కంపెనీ ఇంజనీరు ఆలన్ బ్లమ్‌లైన్. 1931లోనే ఆయన పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. ఒకే గాడికి రెండు గోడలుంటాయి కదా, ఒక గోడలో ఎడమ శబ్దం, రెండో గోడలో కుడి శబ్దం చెక్కవచ్చునన్నది అందులో ఒక సంగతి. పాపం, ఆయన తన స్టీరియో రికార్డులు దుకాణాల్లోకి రావడం చూడలేదు. 1942లో యుద్ధ సమయంలో విమానంలో రాడార్ పరీక్షిస్తుండగా విమానం కూలి మరణించాడు. 1948లో కొలంబియా కంపెనీ నిమిషానికి ముప్ఫై మూడు చుట్లు తిరిగే ఎల్పీని తెచ్చింది. స్టీరియో ఎల్పీలు 1958 నాటికి విదేశీ మార్కెట్లోకి వచ్చాయి. 1963లో ఫిలిప్స్ వారు కాసెట్టు తెచ్చారు. 1982లో సీడీ వచ్చింది. అక్కడినుంచి మన పెట్టెలు ఒక్కొక్కటే అటకెక్కాయి.

ఇప్పుడు తమాషా ఏమిటంటే, అటకెక్కినవి మళ్లీ దిగుతున్నాయి. అమెరికాలో 2020లో రికార్డుల మీద వచ్చిన సొమ్ము సీడీల మీద వచ్చిన సొమ్మును మించింది. 1986 తరువాత అలా జరగడం అదే మొదలు. 2022లో అమ్ముడైన సంఖ్యలో కూడా రికార్డులే ముందుకు వచ్చాయి. జపానులో పానసోనిక్ వారు 1972 నుంచి తయారు చేసిన టెక్నిక్స్ ఎస్.ఎల్. 1200 టర్న్‌టేబులును 2010లో ఆపేశారు, 2016లో మళ్లీ మొదలుపెట్టారు. మన దేశంలో, ఒకప్పటి గ్రామఫోన్ కంపెనీయే అయిన సరిగమ వారు 2017లో పాత పాటలు నింపిన కారవాన్ అనే పెట్టెను విడుదల చేస్తే, దాన్ని చూడగానే పాత రేడియో గుర్తుకొచ్చేలా తయారు చేశారు. మీలో చాలామందికి పిల్లలు దాన్ని పుట్టినరోజుకు కొనిచ్చే ఉంటారు.

ఈ మోజు ఎందుకు? ఇక్కడ నేను నిజం చెప్పాలి. కొలతలు తీస్తే పాత రికార్డు కంటే సీడీదే పైచేయి. రికార్డులో చిటపటలుంటాయి. మోటారు కాస్త తడబడితే సన్నాయి వణుకుతుంది. "పాతదాంట్లో ఉన్న నాదం కొత్తదాంట్లో లేదు" అని ప్రమాణం చేసేవాళ్లతో నేను వాదనకు దిగను కానీ, డెబ్భై దాటిన మన చెవుల సంగతి డాక్టరు గారికి తెలుసు. వయసుతో పాటు సన్నని ధ్వనులు వినపడటం తగ్గిపోతుంది. ఎదుటివాళ్ల మాట వినపడుతున్నా అర్థం కావటం లేదంటామే, అందుకు కారణాల్లో ఇదొకటి. కనుక మన వయసువాళ్లు పది లక్షల సెట్టు కొన్నా, దాని పై అంతస్తులు మనకు వినపడవు. ఉన్న సెట్టులో ట్రెబుల్ గుండీ కాస్త పైకి తిప్పుకోవచ్చు. కొత్త పెట్టెలు చాలావాటికి ఆ గుండీ లేకపోవడం మనకు నష్టమే.

నా మటుకు నాకు పాత సెట్టులో ఉన్న ఆకర్షణ మూడు విషయాల్లో ఉంది. ఒకటి, రికార్డుకు ముగింపు ఉంది. ఒక వైపు గాడిని సాగదీస్తే నాలుగు వందల మీటర్ల పైచిలుకు ఉంటుంది. ముల్లు అంత దూరం నడిచి ఆగిపోతుంది. మనం లేచి తిప్పాలి, లేదా చాలనుకోవాలి. ఫోనులో పాట అయిపోవడమంటూ లేదు. ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉంటుంది, మనం వినడం ఎప్పుడో మానేసి ఉంటాం. రెండు, దానికి మరమ్మతు ఉంది. నాలుగు స్క్రూలు విప్పితే లోపల ఏమున్నదీ కంటికి కనపడుతుంది. కండెన్సరు పోతే కండెన్సరు మార్చవచ్చు. ఇప్పటి వస్తువులు జిగురుతో అతికించి వస్తున్నాయి. విప్పితే విరుగుతాయి. మూడు, దాన్ని ఇద్దరు కలిసి వినవచ్చు. మా ఇంట్లో సాయంత్రం ఎంతమంది ఉంటే అన్ని ఫోన్లు, అన్ని ఇయర్‌ఫోన్లు. స్టీరియో వేస్తే అందరూ ఒకే పాట వింటారు, లేకపోతే ఒకే పాట మీద పోట్లాడతారు. రెండూ మంచివే.

విలువ మాటకొస్తే, స్టోర్స్ గుమాస్తా పద్ధతిలో మూడు గళ్లు గీద్దాం: అమ్మితే వచ్చేది, బాగు చేయిస్తే అయ్యేది, వాడుకుంటే దక్కేది.

అమ్మకం సంగతి మొదట. ఇంటర్నెట్టులో ఎవరో ఒక పాత రేడియోకు లక్ష రూపాయలు పెట్టారని మనవడు చూపిస్తే, మనదీ లక్ష చేస్తుందని సంబరపడకండి. అడిగిన ధర వేరు, అమ్ముడైన ధర వేరు. పేరున్న విదేశీ టర్న్‌టేబుళ్లకు, మంచి వాల్వు యాంప్లిఫయర్లకు, పెద్ద స్పీకర్లకు గిరాకీ ఉంది. మామూలు టూ ఇన్ వన్‌లకు, 1990లలో వచ్చిన ప్లాస్టిక్ సెట్లకు పెద్ద ధర రాదు. ఆ ప్లాస్టిక్ సెట్ల డబ్బాల మీద పి.ఎం.పి.ఒ. అని వేల వాట్లు అచ్చు వేసేవారు. ఆ అంకెలను నమ్మవద్దు. వెనక రేకు మీద ఆర్.ఎం.ఎస్. అని రాసిన అంకె చూడండి, అది పదో ఇరవయ్యో ఉంటుంది. అదే అసలు బలం.

రికార్డుల విషయంలోనూ ఒక సూత్రం ఉంది. అందరూ కొన్న రికార్డు అందరి ఇళ్లలోనూ ఉంటుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి శ్రీ వేంకటేశ్వర సుప్రభాతం ఎల్పీ 1963లో వచ్చింది. ఘంటసాల గారి భగవద్గీత ఆయన పరమపదించిన తరువాత 1974లో వచ్చింది. ఈ రెండూ లేని తెలుగు ఊరు లేదు. మొదటిదాన్ని తెల్లవారుజామున గుడి మైకులో వింటాం, రెండోది వేళ కాని వేళ వినపడితే "ఎవరు పోయారర్రా?" అని వీధిలోకి వెళ్లి చూస్తాం. ఇంత ప్రసిద్ధమైనవి కనుకనే బజారులో వాటికి అరుదుతనం తక్కువ. ఎవరూ దాచని నాటకాల సెట్లకు, హరికథలకు, చిన్న కంపెనీల డెబ్భై ఎనిమిది చుట్ల ప్లేట్లకు సేకరించేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. గీతలు లేకపోవడం, అసలు అట్ట ఉండటం, సెట్టులో అన్ని ప్లేట్లూ ఉండటం ధరను నిర్ణయిస్తాయి. కనుక బస్తాలో కలిపి ఇచ్చేయకుండా, ముందు జాబితా రాయండి. మనకు జాబితా రాయడం చేతకాని పని కాదు కదా!

అమ్మదలచినవాళ్లకు ఒక హెచ్చరిక. కొనేవాడు ఫోను చేసి, "అంకుల్! డబ్బు పంపిస్తున్నాను, ఈ క్యూ.ఆర్. కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే వెంటనే ఫోను పెట్టేయండి. డబ్బు మనకు రావడానికి స్కాన్ చేయనక్కరలేదు, పిన్ కొట్టనక్కరలేదు. పిన్ కొట్టామంటే డబ్బు మన ఖాతా నుంచి పోతుంది. పాత సామాను అమ్మబోయి పెన్షన్ పోగొట్టుకోవద్దు.

రెండో గడి మరమ్మతు. అటక మీదినుంచి దించిన సెట్టును ఉత్సాహం కొద్దీ వెంటనే ప్లగ్గులో పెట్టకండి. వైరు పగిలిందేమో, ఎలుకలు కొరికాయేమో చూడండి. విదేశం నుంచి వచ్చినదైతే వెనక రేకు మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చదవండి. అమెరికా సెట్టు 120 వోల్టులది. మన 230లో పెడితే ఆ పొగతోనే దానికి ఆఖరి వీడ్కోలు. కన్వర్టరు కొని పెట్టినా ఇంకో చిక్కు ఉంది. అమెరికా కరెంటు సెకనుకు అరవై సార్లు ఊగుతుంది, మనది యాభై సార్లు. కరెంటు ఊపును బట్టి తిరిగే మోటారున్న పాత టర్న్‌టేబులు ఇక్కడ ముప్ఫై మూడుకు బదులు ఇరవై ఎనిమిది చుట్లే తిరుగుతుంది. సుశీల గారి గొంతు మగ గొంతు వైపు జారుతుంది. అబ్బాయి డల్లాసు నుంచి తెస్తానంటే ఈ సంగతి ముందే చెప్పండి.

ఇక మామూలు జబ్బులు. మన కోస్తా ఉక్కకు రబ్బరు బెల్టు కరిగి తారులా అంటుకుంటుంది. స్పీకరు అంచున ఉండే స్పాంజి పొడిపొడిగా రాలిపోతుంది. కండెన్సర్లు ఎండిపోయి గుయ్యిమని శబ్దం వస్తుంది. వాల్యూము గుండీ తిప్పితే గరగరమంటుంది. ఇవేవీ ప్రాణాంతకం కావు. బెల్టులు, కండెన్సర్లు, స్పీకరు అంచులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. ముల్లు మాత్రం తప్పక కొత్తది వేయించండి. అరిగిన ముల్లు గాడిని ఉలిలా చెక్కేస్తుంది. ఒకసారి చెక్కిన గాడి మళ్లీ పూడదు. డెబ్భై ఎనిమిది చుట్ల ప్లేటుకు వెడల్పాటి ముల్లు, ఎల్పీకి సన్నది కావాలి. ఒకదాని ముల్లుతో ఇంకొకటి వాయించకూడదు. పాత లక్క ప్లేట్లను స్పిరిటుతో తుడవకండి, లక్క స్పిరిటులో కరిగిపోతుంది. రికార్డులను పుస్తకాల మాదిరి నిలువుగా పెట్టండి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే వంకర పోతాయి.

కొత్త యాంప్లిఫయరుకు పాత టర్న్‌టేబులు తగిలిస్తే శబ్దం రాలేదని కొందరు నిరాశపడతారు. మంచి టర్న్‌టేబులు ముల్లు నుంచి వచ్చే కరెంటు వోల్టులో వెయ్యో వంతులు నాలుగైదు మాత్రమే. దాన్ని పెంచే ఫోనో అనే భాగం పాత యాంప్లిఫయర్లలో లోపలే ఉండేది. కొత్తవాటిలో చాలావరకు తీసేశారు. అగ్గిపెట్టెల కట్టంత ఫోనో ప్రీ యాంప్లిఫయరు విడిగా దొరుకుతుంది. దాన్ని మధ్యలో పెడితే చాలు. స్పీకర్ల విషయంలో కూడా ఒక మాట. రెంటినీ ఒకే బీరువా మీద పక్కపక్కన పెట్టి, లేదా ఒకటి హాల్లో ఇంకొకటి వంటింట్లో పెట్టి స్టీరియో వింటున్నామనుకునేవాళ్లు ఉన్నారు. రెండు స్పీకర్లు, మీ కుర్చీ కలిపి త్రిభుజంలా పెట్టండి. అప్పుడు పాడేవారు ఎదురుగా, మృదంగం ఒక పక్క, వయొలిన్ ఒక పక్క కూర్చుంటారు. ఖర్చు లేని మరమ్మతు ఇదొక్కటే.

మూడో గడి, వాడుకుంటే దక్కేది. దీనికి స్టాక్ రిజిస్టరులో కాలమ్ లేదు. కనుక జరిగిన సంగతి ఒకటి చెబుతాను.

మన సంఘ సభ్యుడే, పేరు చెప్పను. నాతో పాటు పనిచేసినవాడు. పౌరాణిక నాటకాలంటే ప్రాణం. ఎన్జీవోల సాంస్కృతిక పోటీల్లో శ్రీకృష్ణుడి వేషం కట్టి పద్యం ఎత్తుకుంటే, చివరి వరసలో చుట్ట కాల్చేవాడు కూడా చుట్ట పక్కన పెట్టేవాడు. మూడేళ్ల క్రితం కాలం చేశాడు. పిల్లలు తల్లిని బెంగుళూరు తీసుకువెళ్లడానికి నిర్ణయించి, ఇల్లు ఖాళీ చేస్తున్నారు. పిల్లలను తప్పు పట్టడానికి లేదు, వాళ్లకు ఉన్నది నాలుగు రోజుల సెలవు. యాంప్లిఫయరు, కాసెట్ డెక్కు, స్పీకర్లు, రెండు అట్టపెట్టెల కాసెట్లు, అన్నీ కలిపి పాత సామాన్లవాడు ఆరు వందలు ఇస్తానన్నాడు. ఆ తల్లి నాకు ఫోను చేసి, "అన్నయ్య గారూ! ఇచ్చేయమంటారా?" అని అడిగింది. "ఒక్క రోజు ఆగమ్మా" అన్నాను.

మర్నాడు మా రేడియో మెకానిక్ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాను. డెక్కులో బెల్టు కరిగిపోయి ఉంది. శుభ్రం చేసి కొత్తది వేశాడు. హెడ్డు దూదితో తుడిచాడు. గంట పని. కాసెట్లన్నీ సినిమా పాటలే, బజారులో విలువ లేనివి. అడుగున ఒక సి-90 ఉంది. దాని మీద నీలం సిరాతో "ఎన్జీవో హోం, 1986" అని మా వాడి దస్తూరీ. వేశాం. మొదట హార్మోనియం శ్రుతి. ఎవరో దగ్గారు. ఆ తరువాత రాయబారం పద్యం మొదలైంది. పెద్దబ్బాయి సంచి సర్దుతున్నవాడు అలాగే నిలబడిపోయాడు. పద్యాలయ్యాక టేపు కాసేపు ఖాళీగా తిరిగింది. తీసేద్దామనుకునేంతలో ఇంట్లో రికార్డు చేసిన భాగం వచ్చింది. మా వాడు ఎవరినో "ఇంకా పడుకోలేదురా?" అని గదమాయిస్తున్నాడు. వెనుక ఒక ఆడ గొంతు జోల పాడుతోంది. "ఎవరమ్మా అది, ఎంత బాగా పాడుతోంది?" అన్నాను. ఆమెకు కాసేపు అర్థం కాలేదు. అది ఆమె గొంతే. ముప్ఫై ఏళ్ల వయసులో తను అలా పాడేదన్న సంగతి ఆమె మరిచిపోయింది.

ఆ సాయంత్రం మెకానిక్ కుర్రాడే ఆ టేపును కంప్యూటరులోకి ఎక్కించి, అక్కడినుంచి అందరి ఫోన్లలోకి పంపాడు. స్పీకర్లు పక్కింటి కుర్రాడికి ఇచ్చారు. డెక్కు, యాంప్లిఫయరు, ఆ కాసెట్టు బెంగుళూరు వెళ్లాయి. ఆ డెక్కు ఇవాళ అమ్మితే వెయ్యి రూపాయలు కూడా రాదు. కానీ ఆ రోజు ఆ ఇంట్లో ఆ టేపును మాట్లాడించగలిగిన యంత్రం అదొక్కటే. ముందు దాన్ని కాటాలో పెట్టి ఉంటే, ఆ కాసెట్టు దొరికినా అది నోరు లేని ప్లాస్టిక్ ముక్కే.

మిత్రులారా! మన తరం ఒక విషయంలో అదృష్టవంతులం. మన తాతల ఫోటోలైనా లేవు, మన తల్లిదండ్రుల ఫోటోలున్నాయి కానీ గొంతులు లేవు. మామూలు ఉద్యోగి ఇంట్లో మనుషుల గొంతులు దాచుకోవడం మొదలైంది కాసెట్టుతోనే. ఆ టేపు మీది పూత శాశ్వతం కాదు. ఉక్కకు బూజు పడుతుంది, పొరలు అంటుకుంటాయి. కనుక మీ అందరికీ నావి నాలుగు మనవులు.

మొదటిది: ఇంట్లో రికార్డు చేసిన కాసెట్లు ఏవైనా ఉంటే, సినిమా పాటల సంగతి తరువాత, ముందు వాటిని విడదీసి ఈ ఏడాదిలోపు కంప్యూటరులోకి ఎక్కించండి. డెక్కు నుంచి ఒక వైరు కంప్యూటరులోకి పెడితే సరిపోతుంది. చుట్టుపక్కల ఇంజనీరింగు చదివే పిల్లలు ఎవరైనా చేసి పెడతారు.

రెండోది: పని చేసే సెట్టును ఏటా ఒకసారైనా మోగించండి. మనం ఏటా బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం కదా, మనం ఇచ్చే వారంలోనే దాని చేత కూడా ఇప్పించండి. వాడకుండా ఉంచిన యంత్రం త్వరగా పాడవుతుంది. ఈ సూత్రం మన మోకాళ్లకు కూడా వర్తిస్తుందని డాక్టర్లు చెబుతున్నారు.

మూడోది: ఒక కాగితం మీద సెట్టు పేరు, మోడలు నెంబరు, కొన్న సంవత్సరం, మార్చిన భాగాలు, బాగుచేసిన మెకానిక్ ఫోను నెంబరు రాసి, వెనుక అతికించండి. అసలు బిల్లు, గ్యారంటీ కార్డు ఉంటే అవి కూడా కవరులో పెట్టండి. మన తరువాత చూసేవాడికి అది చెత్తా, సొత్తా అన్నది ఆ కాగితమే చెబుతుంది.

నాలుగోది, ముఖ్యమైనది: ఎవరికి ఇవ్వాలో బతికుండగానే తేల్చుకోండి. పిల్లలకు ఇష్టముంటే పిల్లలకు. వాళ్లకు చోటు లేకపోతే కోపగించుకోకండి, బెంగుళూరులో రెండు గదుల ఫ్లాటు వాళ్లది. వినే అలవాటున్న కుర్రాడెవరైనా మీ వీధిలోనే ఉంటాడు. అతణ్ణి ఇంటికి పిలిచి, పక్కన కూర్చోబెట్టి, ముల్లు ఎలా దించాలో, రికార్డును అంచులతో ఎలా పట్టుకోవాలో నేర్పి ఇవ్వండి. ఆ పద్ధతి మన చేతులకే తెలుసు. ఛార్జి ఇవ్వకుండా సీటు ఖాళీ చేసినవాణ్ణి ఆఫీసులో ఏమనేవాళ్లమో మీకు తెలుసు.

చివరగా కార్యవర్గానికి ఒక విన్నపం. మన సంఘ భవనంలో చదువుకునే గది పక్కన చిన్న గది ఖాళీగా ఉంది. నా దగ్గర అదనంగా ఉన్న టర్న్‌టేబులు, ఒక యాంప్లిఫయరు బాగు చేయించి తెచ్చి పెడతాను. స్పీకర్లు ఎవరైనా ఇస్తే సంతోషం. ప్రతి నెలా పెన్షను పడిన తరువాత వచ్చే మొదటి ఆదివారం సాయంత్రం నాలుగింటికి, ఎవరి రికార్డు వారు తెచ్చుకుని విందాం. ఇంట్లో ఒంటరిగా ఉంటున్న సభ్యులు, భర్తను లేదా భార్యను పోగొట్టుకున్నవారు తప్పక రావాలి. టీ ఖర్చు నేను చూసుకుంటాను. మాటలు తక్కువ, పాట ఎక్కువ అన్నది ఒక్కటే నియమం.